గంట మోగగానే లేచే మనిషి

మా వదిన పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, ఆఫీసులో డ్రాయింగ్ బల్ల ముందు కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటూ, అలాగే పక్కకి ఒరిగిపోయారట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అంతా అయిపోయింది. నేను ల్యాబ్‌లో డ్యూటీలో ఉన్నాను. మావారు ఫోన్ చేసి, "అక్క పోయింది" అన్నారు. నేను రిసీవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ క్షణంలో నాకు తట్టిన పిచ్చి ఆలోచన ఏమిటంటే, ఇక ఆదివారం హాల్లో గంట మోగితే ఎవరు లేస్తారు అని.

ఈ పత్రిక చదివే మన ఊరివాళ్ళకి ఆవిణ్ణి పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. నార్త్ కరొలైనాలో, రాలీ దాటి మోరిస్‌విల్ వైపు వెళ్ళే పాత రోడ్డు మీద మన తెలుగువాళ్ళకి ఒక హాలుంది. పిల్లల తెలుగు బడి, భజనలు, సత్యనారాయణ వ్రతాలు, అన్నీ అక్కడే. అది ఒకప్పుడు గ్యాస్ స్టేషన్, అంటే మన పెట్రోల్ బంకు. వాకిట్లో నేల మీద అడ్డంగా ఒక నల్ల రబ్బరు గొట్టం పరిచి ఉంటుంది. కారు చక్రం దానిమీద ఎక్కగానే లోపల గోడకున్న గంట టింగుమంటుంది. ముందు చక్రాలకి ఒకసారి, వెనక చక్రాలకి ఒకసారి. ఒకప్పుడు గ్యాస్ కొట్టే కుర్రాడికి బేరం వచ్చిందని తెలియడానికి పెట్టిన ఏర్పాటు అది. మా హాల్లో ఆ గంట మోగగానే, పురాణం నడుస్తున్నా సరే, ఒక సన్నటి పొడుగాటి మనిషి లేచి అద్దాల గోడ దగ్గరికి వెళ్ళి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి చూసి, "ఎవరో వచ్చారు, లేవండి" అనేది. ఆ మనిషే మా వదిన. మావారి అక్కగారు. ఇల్లు కట్టించే ఆర్కిటెక్ట్ కాదు, గ్యాస్ స్టేషన్ల ఆర్కిటెక్ట్.

ఆవిడ సంగతి నాకు మొదటిరోజే తెలిసింది. నేను పెళ్ళయి కొత్తగా ఈ దేశంలో దిగినప్పుడు మావారికి సెలవు దొరక్క ఎయిర్‌పోర్ట్‌కి ఆవిడే వచ్చారు. విమానంలో ఏమీ తినబుద్ధి కాలేదు, ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి. కాసేపటికి ఆవిడ కారు ఒక గ్యాస్ స్టేషన్‌లోకి తిప్పారు. గ్యాస్ దొరకడమే గగనంగా ఉన్న రోజులవి. రోడ్డు మీద బారులు తీరి ఉన్న కార్లన్నీ, ఈవిడెవరో క్యూ తప్పించి దూరిపోతోందని హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి.

"పెట్రోల్ అయిపోయిందా వదినగారూ?" అన్నాను భయంగా.

"లేదు, ట్యాంక్ ఫుల్. గోడ చూద్దువుగాని, దిగు" అన్నారు.

ఆ హారన్ల మధ్యే నన్ను నడిపించుకుంటూ గోడ దగ్గరికి తీసుకెళ్ళి, వేలి ఉంగరంతో టకటకా కొట్టారు. పళ్ళెం మీద కొట్టినట్టు మోగింది. "విన్నావా? ఇది ఇటుక కాదు మరదలా. స్టీలు రేకు మీద గాజు కరిగించి పోశారు. మన ఇళ్ళల్లో ఎనామిల్ పళ్ళాలు లేవూ? అదే, కాస్త పెద్దది" అన్నారు. తెల్లటి గోడ, మూలలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి, పైన మూడు పచ్చగీతలు చుట్టూ పరిగెడుతున్నాయి. నాకేమీ అర్థం కాలేదు. ఇంటికి వెళ్ళేదాకా దారిలో అలాంటివి ఎక్కడ కనపడితే అక్కడ ఆగాం. మావారు తలుపు తీసి ఇంత ఆలస్యమేమిటని అడిగితే, "మీ అక్కగారు పెట్రోల్ బంకులకి ప్రదక్షిణాలు చేయించారు" అని చెప్పాను. ఆ మాట ఆవిడకి తెగ నచ్చేసింది. ఆ తర్వాత ఎవరొచ్చినా నాచేత చెప్పించేవారు.

తర్వాతి ఏళ్ళలో ఆదివారాలు ఆవిడ కారు వెనక సీట్లో మా పిల్లలు, ముందు సీట్లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేను. ఎక్కడికి వెళ్ళినా హైవే ఎక్కనిచ్చేవారు కాదు, పాత రోడ్డు మీదే. నేను విసుక్కునేదాన్ని. కానీ వినగా వినగా ఆ చరిత్ర నాకూ కంఠస్థం అయింది. మొదట్లో గ్యాస్‌ని కిరాణా కొట్టు ముందు డబ్బాల్లో అమ్మేవారట. తర్వాత రేకుల పాకలు వచ్చాయి. ఆ కంపు, ఆ జిడ్డు మా ఇళ్ళ పక్కన వద్దని జనం గోల పెడితే, కంపెనీలు పెంకుటిళ్ళలా కట్టడం మొదలుపెట్టాయి, పొయ్యి లేకపోయినా పొగగొట్టంతో సహా. గడ్డురోజులు వచ్చినప్పుడు గ్యాస్ ఒక్కటే అమ్మితే గిట్టక టైర్లూ బ్యాటరీలూ కూడా అమ్మాల్సివచ్చింది. సరుకు కనపడాలంటే పెద్ద అద్దాలు కావాలి. ఆడవాళ్ళు కారు ఆపమనాలంటే బాత్రూములు శుభ్రంగా ఉన్నాయన్న నమ్మకం కలగాలి. అందుకని తెల్లటి ఎనామిల్ డబ్బాల్లాంటి స్టేషన్లు వెలిశాయి, ఊరూరా అచ్చు ఒకేలాగ. రేకులు ఫ్యాక్టరీలో తయారై లారీలో వచ్చేవి, ఇక్కడ బిగించుకోవడమే. యుద్ధం తర్వాత కార్లు పెరిగి, కార్లకి రెక్కలూ తోకలూ వచ్చాక, పంపుల మీది పందిళ్ళు కూడా ఎగరబోతున్నట్టు పైకి లేచాయి.

"మొదట ఇల్లు, తర్వాత ఫ్రిజ్, ఆ తర్వాత విమానం. ఇప్పుడు మళ్ళీ ఇల్లు" అనేవారు వదిన. ఆ చివరి మాట దగ్గర గొంతు కాస్త తగ్గేది. ఎందుకంటే ఆ 'మళ్ళీ ఇల్లు' ఆవిడ పనే.

ఆవిడ పనిచేసే ఆఫీసుకి ఒక ఆయిల్ కంపెనీ కాంట్రాక్ట్ ఉండేది. జనానికి మెరిసే తెల్ల డబ్బాలంటే మొహం మొత్తింది, ఇంటి పోలికలు కావాలి అని కంపెనీవాళ్ళు తేల్చారు. కొత్తవి కట్టడం దండగ కనక పాతవాటికే చుట్టూ గోధుమరంగు చెక్కపెంకుల వాలు చూరు తగిలించి, ముందు గోడకి అడ్డంగా ఇటుక పేర్చమన్నారు. ఎండిపోయిన పుట్టగొడుగులా ఉండేది చూడ్డానికి. ఆ డ్రాయింగులు గీసేది మా వదిన. వారమంతా ఆఫీసులో వాటిని కప్పేవారు, ఆదివారం కారేసుకుని ఇంకా కప్పనివి వెతుక్కునేవారు. మావారు, "అక్కా, కసాయివాడు ఆదివారం గోశాలకి వెళ్ళినట్టుంది నీ వరస" అని వేళాకోళం చేస్తే నవ్వేవారు గానీ, ఆ రోజు అన్నం సరిగ్గా తినేవారు కాదు.

ఉద్యోగం మానలేరు. అన్నయ్యగారు, అంటే వదిన భర్త, అప్పటికే జబ్బు మనిషి. ఆవిడ ఇన్సూరెన్స్ మీదే వైద్యం నడుస్తోంది. అందుకని తన చేతుల్లో ఉన్నది ఒకటి చేశారు. గీసిన ప్రతి డ్రాయింగ్‌లోనూ, కొత్త చూరు బరువు మొత్తం వెనక కప్పు మీద పడేటట్టు, ఎనామిల్ రేకులకి ఒక్క మేకు కూడా తగలకుండా, చూరూ ఇటుకా గోడకి కాస్త ఎడంగా నిలబడేటట్టు చట్రం గీసేవారు. ఎనామిల్ ఎక్కడైనా పెచ్చు ఊడితే చాలు, అక్కణ్ణుంచి తుప్పు లోపలికి పాకుతుంది. ఇలా గీస్తే పని ఎక్కువ, కాంట్రాక్టర్లు సణిగేవారు. నాలుగు బోల్టులు గోడకే దిగేస్తే పోయేదానికి ఈ తతంగం ఏమిటని ఆఫీసుకి ఫోన్లు చేసేవారు. "కప్పమంటే కప్పుతాను. గాయం చెయ్యమంటే మాత్రం నా వల్ల కాదు" అనేవారు వదిన. ఆ మాట ఆవిడ నోట చాలా సందర్భాల్లో విన్నాను. మా అమ్మాయి స్నేహితురాలితో పోట్లాడి వచ్చినప్పుడు కూడా అదే చెప్పారు.

ఎనభైల్లోకి వచ్చేసరికి మన జనం పెరిగారు. స్కూలు కఫెటేరియాలు అద్దెకి తీసుకుని, కూర్చోగానే లేవండి అనిపించుకుని విసిగిపోయి, సొంతంగా ఒక చోటు కొనాలని సంఘంలో తీర్మానించారు. అప్పుడు దొరికింది ఈ గ్యాస్ స్టేషన్. పెద్ద హైవే పడ్డాక పాత రోడ్డు మీద కార్లు తగ్గి మూతబడిపోయింది. దాని సొంతదారు ఒక ముసలి అమెరికన్. నేలలోని పాత ట్యాంకులు తవ్వించి తీయించి, గుంట పూడ్పించి మరీ అమ్ముతానన్నాడు. స్థలం బాగుంది. బిల్డింగే ఎవరికీ నచ్చలేదు. పెచ్చులూడిన గోధుమరంగు చూరు, పాకుడు పట్టిన ఇటుక. చూడ్డానికి వెళ్ళిన రోజు వదిన కారు దిగి, గోడ వైపు చూసి, మళ్ళీ కారెక్కి కూర్చున్నారు.

మీటింగ్ మా ఇంట్లోనే. అప్పటి ప్రెసిడెంట్ డాక్టరుగారు, సర్జన్, మంచి మనిషే, కాని తేల్చేసే రకం. "సింపుల్ అండీ. డెమాలిష్ చేసేసి మెటల్ బిల్డింగ్ వేసుకుందాం. చీప్‌గా అవుతుంది, పార్కింగ్ కలిసొస్తుంది. ఆ షేప్ చూస్తే ఎవరికైనా దణ్ణం పెట్టాలనిపిస్తుందా చెప్పండి?" అన్నారు.

"మీరు చూసింది బిల్డింగ్ కాదు డాక్టరుగారూ. నేను దానికి వేసిన ముసుగు" అన్నారు వదిన.

చేతిలో కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ ఆవిడే అన్నారు.

"ఆ రూఫ్ డిజైన్ చేసింది నేనే. దాని కింద తెల్లగా, శుభ్రంగా ఉంది."

"ఉందని గ్యారంటీ ఏమిటమ్మా?"

"గ్యారంటీ లేదు. కాంట్రాక్టర్ నా డ్రాయింగ్ ప్రకారం చేస్తే ఉంది. గోడకి బోల్టులు దిగేస్తే ఈపాటికి తుప్పు తినేసి ఉంటుంది."

అప్పుడు మా పంతులుగారు గొంతు సవరించుకున్నారు. ఆయన వారమంతా రిసెర్చ్ పార్క్‌లో కంప్యూటర్ ఉద్యోగం, శనాదివారాలు పౌరోహిత్యం. "అసలు సమస్య వేరే ఉందండీ. ఆ కట్టడం రోడ్డుకి సమంగా లేదు, మూలకి తిరిగి ఉంది. ముఖం ఆగ్నేయానికి ఉంది. వాస్తు ఒప్పుకోదు" అన్నారు.

"అగ్గి పుట్టే సరుకు అమ్మే కొట్టు ఆగ్నేయం చూడక ఇంకెటు చూస్తుంది పంతులుగారూ?" అన్నారు వదిన. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. తర్వాత ఆవిడ నెమ్మదిగా చెప్పారు. రెండు రోడ్లు కలిసేచోట అలా ఐమూలగా నిలబెడితే రెండు రోడ్ల మీద వచ్చేవాళ్ళకీ ముఖం కనపడుతుంది. ఎవరికీ వీపు చూపించకూడదని అలా కట్టారు. పంతులుగారు తల ఊపి, ఆలోచిస్తానన్నారు. డాక్టరుగారు చివరికి ఒక మాట మీదకి వచ్చారు. శనివారం అందరం వెళ్దాం, చూరు విప్పి చూద్దాం. బాగుంటే ఉంచుదాం, తుప్పు పట్టి ఉంటే సోమవారం బుల్‌డోజర్‌కి ఫోన్ చేద్దాం. వదిన సరేనన్నారు.

అందరూ వెళ్ళిపోయాక వంటింట్లో నాతోపాటు గ్లాసులు కడుగుతూ, "ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాదంటూ కట్టింది ఒక్కటీ లేదు మరదలా. అన్నీ కప్పినవే. ఒక్కటైనా నా చేతులతో తెరవాలని ఉంది. శనివారం తుప్పు కనపడితే, ఇక ఆ ఉద్యోగానికి పొద్దున్నే లేచి ఎలా వెళ్ళాలో నాకు తెలియదు" అన్నారు. కడిగిన గ్లాసే ఆవిడ మళ్ళీ కడుగుతున్నారు.

శనివారం దాదాపు అందరూ వచ్చారు. అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేశాం కనక, ఏం విప్పుకుంటారో విప్పుకోండి అన్నాడు ఆ ముసలాయన. ఎవరి ఇంటినుంచి వాళ్ళు తలో వంటకం తెచ్చారు. డాక్టరుగారు నిచ్చెనెక్కి గునపం తనే పట్టుకున్నారు. కింద నుంచి ఎవరో, "పేషెంట్‌కి మత్తు ఇచ్చారా?" అన్నారు. చెక్కపెంకులు బొలబొలా రాలాయి. దుమ్ము, కందిరీగల గూడు, ఎప్పటివో ఎండుటాకులు. వాటి వెనక చట్రం. చట్రానికీ గోడకీ మధ్య అరచెయ్యి దూరేంత ఎడం. వదిన నిచ్చెన దగ్గరికి వెళ్ళి, "కాస్త దిగండి" అని, చీర చెంగు నడుముకి దోపి తనే ఎక్కారు. ఆ సందులోకి చెయ్యి పెట్టి చేతిరుమాలుతో తుడిచారు. మసి కింద నుంచి తెలుపు బయటపడింది. ఇంకాస్త తుడిస్తే ఒక పచ్చగీత. ఉంగరంతో కొట్టారు. నేను దిగిన రోజు విన్న చప్పుడే.

ఇటుక కూడా ఊడదీశాక, మధ్యాహ్నమయ్యేసరికి ముందు గోడ మొత్తం బయటపడింది. చెక్కు చెదరలేదు, ఒక్కచోట తప్ప. కుడివైపు చివరి రేకుకి ఒక బోల్టు దిగేసి ఉంది. అక్కణ్ణుంచి కింది దాకా తుప్పు ఒక ఎర్రటి చారలా కారింది. డాక్టరుగారు మొహమాటంగా చూశారు. వదిన దాన్ని వేలితో తడిమి, "పాపం, ఆ పనివాడు అన్నీ పద్ధతిగా చేశాడు. ఆఖరిది. ఇంటికెళ్ళే తొందర" అని నవ్వారు. నవ్వుతూనే వెళ్ళి, ఒకప్పుడు పంపులుండే సిమెంటు అరుగు మీద కూర్చుని, అంతమందిలో గట్టిగా ఏడ్చేశారు. నాకూ ఏడుపొచ్చింది. డాక్టరుగారికి ఏం చెయ్యాలో తోచక పేపర్ ప్లేట్‌లో పులిహోర పెట్టి తెచ్చి ఆవిడ పక్కన పెట్టారు. మళ్ళీ బుల్‌డోజర్ మాట ఎవరూ ఎత్తలేదు.

తర్వాత ఆ చారకి రంగు వేద్దామని కొందరన్నారు. వదిన ఒప్పుకోలేదు. "వాడి సంతకం అది, ఉండనివ్వండి" అన్నారు.

దిక్కు చిక్కు తీర్చింది మాత్రం పంతులుగారే. "బిల్డింగ్‌ని తిప్పలేం. దేవుణ్ణి తిప్పుదాం" అన్నారు. కార్లు రిపేరు చేసే గదులూ ఆఫీసు గదీ కలిపి హాలు చేశాం కదా, అందులో పడమటి మూలలో పీఠం వేసి, తిన్నగా తూర్పుకి చూసేటట్టు పెట్టారు. దాంతో మా హాల్లో దేవుడు గోడలకి ఐమూలగా ఉంటాడు, చాపలూ ఐమూలగానే వేస్తాం. కొత్తగా వచ్చినవాళ్ళు పాపం మర్యాదకి చాపలన్నీ గోడవారగా సర్దేస్తారు. వదిన వాళ్ళ వెనకే నడుస్తూ, ఒక్క మాట అనకుండా మళ్ళీ అన్నీ ఐమూలకి తిప్పేవారు. ఆ ఐమూలే మాకు అలవాటైపోయింది. వేరేచోట తిన్నగా కూర్చుంటే నాకు మెడ పట్టేస్తుంది.

గంట ఆ ముసలాయన ఇచ్చిన కానుక. తాళాలు అప్పజెప్పే రోజున రబ్బరు గొట్టం చుట్ట చుట్టి తీసుకుపోబోతుంటే, వదిన అడిగి ఉంచేయించారు. "గుడికొచ్చేవాడు ఎలాగూ గంట కొట్టాలి. కారే కొడితే ఇంకా మంచిది" అన్నారు. పిల్లలు నలుగురైదుగురు కలిసి దానిమీద ఎగిరెగిరి గంతులేసి మోగిస్తుంటే పెద్దవాళ్ళు కసిరేవారు. ఒకరోజు ఎవరూ లేరనుకుని మా వదిన చెప్పులు విడిచి, రెండు కాళ్ళతో దానిమీదకి దూకడం నేను కళ్ళారా చూశాను. గంట మోగలేదు, అంత సన్నటి మనిషి. నిరాశగా లోపలికి వచ్చేశారు.

కాని కారు వచ్చి గంట మోగితే మాత్రం లేవకుండా ఉండలేకపోయేవారు. "ఎవరో తలుపు తీస్తారులే వదినగారూ, కూర్చోండి" అంటే, "ఈ బిల్డింగ్ గీసినవాడెవడో నాకు తెలియదు. వచ్చినవాణ్ణి అద్దంలోంచి చూసి ఎదురెళ్ళాలని గీశాడు. కూర్చుంటే వాడు బాధపడతాడు" అనేవారు. అన్నయ్యగారు చనిపోయిన ఏడాది కూడా ఆవిడ ఆదివారం మానలేదు. వర్షంలో తెలియని కుటుంబం ఎవరైనా వస్తే, ఒకప్పటి పంపుల పందిరి కింద కారు ఆపించి, పిల్లల్ని తనే చేతులు పట్టుకుని దింపేవారు. ఈ దేశంలో దిగిన మొదటివారమే అక్కడికి వచ్చి, ఆ అద్దం వెనక మనిషిని చూసి కాస్త ధైర్యం తెచ్చుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళలో కొందరైనా ఇది చదువుతారు.

దహనానికి తీసుకెళ్ళే రోజు, దారిలో ఒక్క నిమిషం హాలు దగ్గర ఆపమని మావారు అడిగారు. నేను, పిల్లలు, మిగతావాళ్ళందరం ముందే వెళ్ళి లోపల చాపల మీద కూర్చున్నాం. చాపలు ఎవరు వేశారో గాని ఐమూలగానే వేశారు.

గంట మోగింది. అలవాటు కొద్దీ ఆవిడ లేస్తారని అందరి తలలూ ఆ వైపుకే తిరిగాయి. రెండోసారి మోగింది. అప్పుడు డాక్టరుగారు మోకాళ్ళ మీద చేతులానించి లేచి, అద్దం దగ్గరికి వెళ్ళి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి చూశారు.

"వచ్చారు. లేవండి" అన్నారు.

అందరం లేచి బయటికి వెళ్ళాం. వదిన ఉన్న పొడుగాటి నల్లకారు పందిరి కింద ఆగి ఉంది. దాని నీడ తెల్ల గోడ మీద, ఆ ఎర్రటి చార పక్కన, నీళ్ళలో కనపడినట్టు కనపడుతోంది. కాసేపటికి ఆ నీడ మెల్లిగా కదిలి, గుండ్రటి మూల చుట్టూ వంగి, రోడ్డు వైపు వెళ్ళిపోయింది.